ఒక లైఫ్ తీసుకోనా?

'పైకి, పైకి... కిందికి, కిందికి... ఎడమ, కుడి, ఎడమ, కుడి... బి, ఎ...'

అక్క పెదవులు మెల్లగా కదులుతున్నాయి. చేతిలో ఉన్న రిమోట్‌ను ఆమె చూడటం లేదు. చూపంతా టీవీ మీదే. బొటనవేళ్లు మాత్రం ఎవరో వెనక నుంచి చెబుతున్నట్టు మీటల మీద వాటంతటవే నడిచిపోతున్నాయి. చివరగా 'స్టార్ట్' నొక్కింది. తెర మీద అడవి ప్రత్యక్షమైంది. ఇద్దరు వీరులు ఆకాశంలోంచి దూకారు. ఒక్కొక్కరికీ మూడు ప్రాణాలు ఉండాల్సిన చోట ముప్పై.

పక్కన కూర్చున్న కూతురు నోరు తెరిచింది. ఇంటర్ పూర్తిచేసి కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్న పిల్ల. ఫోన్లో ఆటలు ఆడటంలో తనను మించినవాళ్లు ఆ వీధిలోనే లేరని దాని నమ్మకం.

"అమ్మా! ఇదంతా నీకెట్టా తెలుసు?"

అక్క సమాధానం చెప్పలేదు. అలవాటు ప్రకారం చేతిలోని మొదటి రిమోట్‌ను తమ్ముడి వైపు చాచింది. రెండో దానికోసం చెయ్యి పెట్టింది.

అది 2024 వేసవి. గూడూరులో అక్క వాళ్లిల్లు. ఆమెకు నలభై మూడేళ్లు. బావ ఎరువుల దుకాణానికి ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న చెయ్యి అది. ఆ మీటలు నొక్కి పాతికేళ్లు దాటిపోయింది. అయినా ఒక్కటీ తప్పు పోలేదు.

* * *

ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్తే... 1994 వేసవి, నెల్లూరు, మూలపేట.

మద్రాసు నుంచి మామయ్య వచ్చాడు. వచ్చినప్పుడల్లా బర్మా బజార్ నుంచి ఏదో ఒకటి తేవడం ఆయనకు అలవాటు. ఒకసారి టార్చిలైటు, ఒకసారి టేపురికార్డరు. ఈసారి సంచిలోంచి ఒక పెట్టె తీశాడు. అందులో తెల్లటి ప్లాస్టిక్ యంత్రం, వైర్లతో రెండు రిమోట్లు, పసుపుపచ్చ క్యాసెట్ ఒకటి.

"టీవీ గేమ్! ఇద్దరూ కొట్టుకోకుండా ఆడుకోండి" అన్నాడు మామయ్య.

కొట్టుకోకుండా ఆడటం ఎలా కుదురుతుంది? అక్కకు పదమూడు, తమ్ముడికి పదకొండు.

నాయన రైసు మిల్లులో గుమాస్తా. ఇంట్లో ఉన్నది చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. నాయన మధ్యాహ్నం భోంచేసి మిల్లుకి వెళ్లగానే యాంటెన్నా వైరు పీకి, ఆటపెట్టె వైరు గుచ్చేవాళ్లు. చుక్కలు చుక్కలుగా కనిపించే తెరను టీవీ వెనకున్న మర తిప్పుతూ సరిచేసేవాళ్లు. క్యాసెట్ మొరాయిస్తే బయటికి తీసి, అడుగున నోరుపెట్టి 'ఉఫ్' అని ఊదడం. దానివల్ల నిజంగా బాగయ్యేదో లేదో... ఊదకుండా మాత్రం ఎవరూ ఉండేవాళ్లు కాదు.

క్యాసెట్ మీద వందల ఆటలని రాసి ఉంది. తీరా చూస్తే అయిదారు ఆటలే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. వాటిలో ఒకటి అన్నిటినీ వెనక్కి నెట్టేసింది. తుపాకీ పట్టుకుని అడవిలో పరుగెత్తే ఇద్దరు వీరుల ఆట. కాంట్రా.

* * *

కాంట్రాను తయారుచేసింది జపాన్ కంపెనీ కోనామి. 1987లో ముందుగా ఆర్కేడ్ యంత్రాలకు వచ్చింది. నాణెం వేసి నిలబడి ఆడే పెద్ద పెద్ద యంత్రాలవి. మరుసటి ఏడాది నింటెండో ఇంటి యంత్రానికి మార్చారు. జపాన్‌లో ఆ యంత్రం పేరు ఫ్యామికామ్, అమెరికాలో ఎన్‌ఈఎస్. ఐరోపాకు 1990లో వెళ్లినప్పుడు మాత్రం మనుషుల బొమ్మలు తీసేసి రోబోలను పెట్టి, 'ప్రోబోటెక్టర్' అని పేరు మార్చి అమ్మారు.

కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. జపాన్ కథనం ప్రకారం అది 2633వ సంవత్సరం. న్యూజిలాండ్ దగ్గర గలూగా అనే దీవుల్లో గ్రహాంతర శత్రువులు తిష్ఠ వేస్తారు. బిల్, లాన్స్ అనే ఇద్దరు సైనికులు వెళ్లి వాళ్ల పని పట్టాలి. అమెరికాలో అమ్మిన ఆటతో ఇచ్చిన పుస్తకంలో ఆ దీవి కాస్తా అమెజాన్ అడవి అయిపోయింది. మూలపేటలో పిల్లలకు ఏ పుస్తకమూ రాలేదు కాబట్టి వాళ్లకు అది వట్టి అడవి. వీరులు వట్టి 'నువ్వు', 'నేను'.

మొత్తం ఎనిమిది అంచెలు. అడవి, శత్రు స్థావరం, జలపాతం, ఇంకో స్థావరం, మంచు మైదానం, ఆ తర్వాత మంటల యంత్రాలు, ముళ్ల గోడలు... చివరికి శత్రువు గుహ. గుహ చివర కొట్టుకుంటూ ఉండే పెద్ద గుండె. దాన్ని పేలిస్తే ఆట గెలిచినట్టు. దీవి పేలిపోతుంది, హెలికాప్టర్ ఎగిరిపోతుంది.

చెయ్యి తిరిగినవాళ్లకు ఇదంతా అరగంట పని. చెయ్యి తిరగడానికే ఎండాకాలమంతా పట్టేది. ఒక్క తూటా తగిలితే ప్రాణం పోయినట్టే. సంపాదించుకున్న మంచి తుపాకీ కూడా దాంతోపాటే పోతుంది. మధ్యలో ఆపి మర్నాడు అక్కడి నుంచి మొదలుపెట్టడం కుదరదు. కరెంటు పోయిందా... ఎనిమిదో అంచెలో ఉన్నా సరే, మళ్లీ అడవి నుంచే. ఆ రోజుల్లో కరెంటు ఎన్నిసార్లు పోయేదో గుర్తున్నవాళ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఆటంతా 128 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫొటో అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది.

నింటెండో అసలు యంత్రం మాత్రం మన ఇళ్లకు వచ్చిందే తక్కువ. వచ్చినవన్నీ తైవాన్, చైనాల్లో దాన్ని చూసి తయారుచేసిన నకళ్లు. అసలు యంత్రంలో విడివిడిగా ఉండే భాగాలన్నిటినీ ఒకే చిన్న చిప్‌లోకి కుదించి, చవగ్గా తయారుచేసి, ఎవరి పేరు వాళ్లు అచ్చేసుకుని పంపేవాళ్లు. నెల్లూరు, హైదరాబాద్, విజయవాడ... ఎక్కడ చూసినా అవే. కాంట్రా తయారుచేసిన వాళ్లెవరో తెలియకుండానే ఒక తరం పిల్లలంతా కాంట్రా ఆడారు.

* * *

ఆటలో రెండు దారులున్నాయి. ఒక్కరే ఆడొచ్చు. ఇద్దరూ కలిసి ఆడొచ్చు.

ఇద్దరు ఆడేటప్పుడు మొదటివాడి ప్యాంటు నీలం, రెండోవాడిది ఎరుపు. బ్లాక్ అండ్ వైట్ టీవీలో రెండూ ఒకే బూడిద రంగు. సగం సేపు ఎవరు ఎవరో తెలిసేది కాదు. "నేను పైనున్నా!" "కాదు, అది నేను!" అని అరుచుకునేలోపు ఇద్దరూ చచ్చిపోయేవాళ్లు. చివరికి అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. ఆట మొదలవగానే ఒకసారి పడుకోవాలి. ఎవరు పడుకుంటే వాళ్లే తను.

ఆటలో ఒకరి తూటా ఒకరికి తగలదు. అయినా ఒకర్నొకరు చంపుకునే మార్గాలు ఉండనే ఉన్నాయి. మూడో అంచె, జలపాతం ఉంది చూశారూ... అక్కడ రాళ్లమీద దూకుతూ పైకెక్కాలి. ముందున్నవాడు ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది. వెనకబడ్డవాడు తెర అడుగున మాయమైతే ప్రాణం పోయినట్టే. తమ్ముడిది తొందర. ఒక్క రాయి దగ్గరా ఆగేవాడు కాదు. అక్క ఎన్నిసార్లు అలా పోయిందో లెక్కలేదు.

"నేనొస్తున్నా, ఆగరా!"

ఆగేవాడు కాదు.

ఇక 'ఎస్' అక్షరం. దాన్ని పట్టుకుంటే తుపాకీలోంచి తూటాలు విసనకర్రలా అయిదు వైపులకు వెళ్తాయి. అది ఎగురుకుంటూ రాగానే ఇద్దరూ దానికోసం దూకేవాళ్లు. దక్కేది ఒక్కరికే. అది ఎవరికి దక్కేదో వేరే చెప్పాలా?

అసలు సంగతి మూడోది. ఒకరి లైఫులన్నీ అయిపోయి, రెండోవాళ్లకు ఇంకా మిగిలి ఉంటే... పోయినవాడు 'ఎ' మీట నొక్కితే చాలు. అవతలివాళ్ల లైఫ్ ఒకటి ఇటు వచ్చేస్తుంది. అవతలివాళ్లు ఒప్పుకోవాల్సిన పనిలేదు. ఆట వాళ్లను అడగదు. తమ్ముడు తనవి తొందరగా అవగొట్టుకునేవాడు. ఆ వెంటనే 'ఎ'. అక్క లైఫులు ఒక్కొక్కటే తగ్గుతూ ఉండేవి.

అక్క నిదానం. శత్రువు ఎక్కడి నుంచి వస్తాడో, ఎప్పుడు కాలుస్తాడో చూసి గుర్తుపెట్టుకునేది. నిజానికి ఇద్దరిలో బాగా ఆడేది ఆమే. అందుకే ఆమె దగ్గర లైఫులు మిగిలేవి. మిగిలేవి కాబట్టే పోయేవి.

ముప్పై లైఫుల రహస్యాన్ని ఇంటికి తెచ్చిందీ ఆమే. బళ్లో ఎవరో చెబితే లెక్కల నోటుపుస్తకం ఆఖరి పేజీలో బాణాలు గీసుకుని తెచ్చింది. అప్పటి నుంచి దాన్ని కొట్టడం అక్క పని. మొదటి రిమోట్‌తో కోడ్ కొట్టి, రిమోట్ తమ్ముడి చేతిలో పెట్టి, తను రెండోది తీసుకునేది. మొదటిది ఎప్పుడూ తమ్ముడిదే. ఎందుకంటే... ఏమో, అంతే.

ఆ కోడ్‌కు ఒక కథ ఉంది. దాన్ని పుట్టించింది కోనామిలో పనిచేసిన కజుహిసా హషిమోతో. 1986లో ఆయన 'గ్రాడియస్' అనే మరో ఆటను ఫ్యామికామ్‌కు మారుస్తున్నాడు. ఆట ఎంత కష్టంగా ఉందంటే, తయారుచేసినవాడే చివరిదాకా వెళ్లలేకపోయాడు. వెళ్లకపోతే తప్పులేమున్నాయో చూసేదెలా? అందుకని తనకు తేలిగ్గా గుర్తుండేలా ఒక మీటల వరస పెట్టుకున్నాడు. అది నొక్కితే అన్ని శక్తులూ వచ్చేస్తాయి. ఆ వరస ఆటలో అలాగే ఉండిపోయి జనంలోకి వచ్చింది. తర్వాత కాంట్రాలోకీ వచ్చి ముప్పై ప్రాణాల వరమై కూర్చుంది. హషిమోతో 2020 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఓడిపోయినవాడు తన కోసం పెట్టుకున్న నిచ్చెన ప్రపంచంలో పిల్లలందరికీ పనికొచ్చింది.

* * *

1998 జూన్.

ఆ ఏడాది తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు. మంచి మార్కులు. అక్క ఇంటర్ పాసయింది. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది గానీ ఫ్రీ సీటు వచ్చేంత కాదు. పేమెంటు సీటైతే దొరుకుతుంది. తమ్ముణ్ని విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పిస్తే ఇంజినీరింగ్‌కు ఢోకా ఉండదని మిల్లులో అందరూ చెబుతున్నారు. రెండు ఫీజులు. ఒక గుమాస్తా జీతం.

ఒక రాత్రి భోజనాలయ్యాక నాయన అక్కను పిలిచాడు. తమ్ముడు అదే గదిలో టీవీ ముందున్నాడు. గొంతు తగ్గించి ఒక్కడే కాంట్రా ఆడుతున్నాడు.

"ఇద్దరికీ కట్టడం నా వల్ల కాదమ్మా. నువ్వే చెప్పు, ఏం చేద్దాం?"

పదిహేడేళ్ల పిల్లను అడగాల్సిన ప్రశ్న కాదది. నాయన చెడ్డవాడు కాదు. నిర్ణయం తన నోటితో చెప్పలేక ఆమె చేతిలో పెట్టాడు. వంటింట్లో అమ్మ గిన్నెలు కడిగే చప్పుడు కాసేపు ఆగింది.

"వాణ్ని పంపించు నాయనా" అంది అక్క.

తమ్ముడు విన్నాడు. ప్రతి మాటా విన్నాడు. అప్పుడు అతనికి కలిగింది బాధ కాదు, సంతోషం. విజయవాడ, హాస్టలు, కొత్త ట్రంకు పెట్టె... అవే కళ్ల ముందు తిరిగాయి. ఆడుతూనే ఉన్నాడు.

ఆ ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో అతని పేరు రాసింది అక్కే. ఆమె చేతిరాత బాగుంటుంది.

అక్క ఊళ్లోనే డిగ్రీలో చేరింది. ఏడాది తిరక్కుండా గూడూరు సంబంధం వచ్చింది. కట్నం పెద్దగా అడగలేదు. మంచివాళ్లు. పెళ్లయిపోయింది, డిగ్రీ ఆగిపోయింది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అప్పట్లో అది మాట్లాడుకోవాల్సినంత విషయం కూడా కాదు.

2000 సంక్రాంతి సెలవులకు తమ్ముడు ఇంటికి వచ్చాడు. అటక మీది నుంచి ఆటపెట్టె దింపి ఒక్కడే ఆడటం మొదలుపెట్టాడు. చిత్రం, ఒక్కడే ఆడితే ఆట ఎంత తేలిక! జలపాతం దగ్గర ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. 'ఎస్' కోసం ఎవరూ పోటీ రారు. కరెంటు కూడా పోలేదు. మొదటిసారి చివరిదాకా వెళ్లాడు. గుండె పేలింది. దీవి పేలింది. హెలికాప్టర్ ఎగిరింది.

"గెలిచా!" అని పక్కకు తిరిగాడు. పక్కన రెండో రిమోట్, దాని వైరు దానికే చుట్టేసి ఉంది. అలా చుట్టి పెట్టింది అక్క. పెళ్లికి ముందు.

పెట్టెను మళ్లీ అటకెక్కించాడు. ఆ తర్వాత దింపలేదు.

* * *

ఇంజినీరింగ్ అయింది. చెన్నైలో ఉద్యోగం వచ్చింది. పెళ్లి, పిల్లలు, అపార్ట్‌మెంటు. నాయన పోయాడు. అమ్మ ఇద్దరి దగ్గరా కొన్నాళ్లు, కొన్నాళ్లు ఉంటుంది. రాఖీకి కొరియర్, సంక్రాంతికి రాక, ఫోన్లో క్షేమసమాచారాలు. పైకి చూస్తే ఏ లోటూ లేని అక్కాతమ్ముళ్లు.

2024 వేసవిలో మేనకోడలికి ఇంజినీరింగ్ సీటు విషయం తేలాల్సి వచ్చింది. ఆ పిల్లకు చెన్నై కాలేజీల మీద మనసు. బావకేమో దగ్గర్లో ఏదైనా చాలని. "ఆడపిల్లకి అంత దూరం, అంత ఖర్చు ఎందుకు" అనే మాట ఆ ఇంట్లో ఒకసారి వినిపించిందని అమ్మ ఫోన్లో చెప్పింది. తమ్ముడు మర్నాడే బయల్దేరాడు. ఆ ఫీజేదో తనే కట్టేద్దామని నిర్ణయించుకునే వచ్చాడు.

వచ్చిన రోజు మధ్యాహ్నం మాటల్లో మేనకోడలు అడిగింది. "మీ చిన్నప్పుడు ఏం ఆటలు ఆడేవాళ్లు మామయ్యా?"

కోనామి 2019లో పాత కాంట్రాలు చాలావాటిని ఒకచోట కూర్చి కొత్త యంత్రాల కోసం విడుదల చేసింది. అది అతని ల్యాప్‌టాప్‌లో ఉంది. ఎప్పుడో కొన్నాడు గానీ ఆడింది లేదు. ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించాడు. రెండు రిమోట్లు బజారు నుంచి తెప్పించాడు. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన అక్క, తెర మీది పేరు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ తర్వాతదే పైకి పైకి, కిందికి కిందికి.

అక్క చాచిన మొదటి రిమోట్‌ను తమ్ముడు తీసుకోలేదు.

"ఈసారి అది నువ్వే ఉంచుకో" అన్నాడు.

ఆట మొదలైంది. రంగుల టీవీలో తన వీరుణ్ని చూసుకుని అక్క ఒక్కసారిగా నవ్వింది. "నీలం ప్యాంటా! అంటే ఇన్నాళ్లూ నాది ఎర్ర ప్యాంటన్నమాట. నాకు తెలియనే తెలియదే!"

అడవి దాటారు. వంతెనలు పేలుతున్నాయి. శత్రువు వచ్చే చోట్లు అక్కకు ఇంకా గుర్తున్నాయి గానీ వేళ్లు ఆలస్యంగా కదులుతున్నాయి. 'ఎస్' ఎగురుకుంటూ వచ్చింది. తమ్ముడు కదల్లేదు. అక్క దూకి పట్టుకుంది. జలపాతం దగ్గర తమ్ముడు ఒక్కో రాయి మీదా ఆగాడు. ఆగడం అతనికి కష్టంగానే ఉంది. అక్క ఒకటికి రెండుసార్లు జారింది. జలపాతం దాటి, రెండో స్థావరం దాటి మంచు మైదానం చేరేసరికి ఆమె ముప్పై లైఫులూ కరిగిపోయాయి. తమ్ముడి దగ్గర ఇంకా ఉన్నాయి.

'ఎ' మీద ఆమె వేలు ఉంది. నొక్కలేదు. ఇటు తిరిగింది.

"రేయ్, ఒక లైఫ్ తీసుకోనా?"

మామూలుగానే అడిగింది. పక్కింటామెను కాఫీపొడి అడిగినట్టు. అంతకుమించి ఆ మాటలో ఏమీ లేదు. తమ్ముడికి మాత్రం గొంతు పెగల్లేదు. ఆ ఆట ఆడినన్నాళ్లలో ఆ మాట తను ఒక్కసారీ అనలేదని అతనికి అప్పుడే తట్టింది. తలూపాడు. తర్వాత ఎవరి తూటాకు ఎవరు పోయారో అతనికి గుర్తులేదు.

* * *

రాత్రి డాబా మీద అక్క మంచినీళ్లు చల్లి చాప పరిచింది. బావ కింద పడుకున్నాడు. మేనకోడలు ఒక్కతే ఆడుతోందేమో, కింద నుంచి తుపాకుల చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"అక్కా, ఆ రోజు నాయన అడిగిన రాత్రి... నీకు కోపం రాలేదా?"

ఏ రాత్రి అని ఆమె అడగలేదు.

"రాకుండా ఎట్టా ఉంటుంది? వచ్చింది. మొదట నాయన మీద వచ్చింది. తర్వాత నువ్వు హాస్టల్ నుంచి వచ్చి, లెక్కలు కష్టంగా ఉన్నాయి, నేను పోను అని అమ్మ దగ్గర ఏడ్చావే... అప్పుడు నీ మీద వచ్చింది. చాలా ఏళ్లు ఉండింది. ఇప్పుడు లేదులే."

"నేను అడిగుంటే ఏం చేసేదానివి?"

"వాణ్ని పంపించు అనే చెప్పేదాన్నేమో. అప్పటికి నాకు తెలిసింది అంతే. కానీ అడగాలి గదరా. కనీసం ఇటు చూడాలి గదా. నువ్వు తల కూడా తిప్పలేదు. టీవీలో బొమ్మ దూకుతా ఉంది, నువ్వు నొక్కుతా ఉన్నావు. అదే గుర్తుంది నాకు."

ఇరవై ఆరేళ్ల పాటు ఆమె దాచుకున్నది అంతే. సీటు పోయిన సంగతి కాదు. తల తిప్పని సంగతి. తమ్ముడు క్షమించమని అనబోయాడు. ఆ మాట మరీ చిన్నదిగా అనిపించి ఊరుకున్నాడు. కాసేపటికి, వచ్చిన పని గుర్తొచ్చి అన్నాడు.

"పాప ఫీజు నేను కడతాను అక్కా. చెన్నైలోనే చదవనీ. మా ఇంట్లోనే ఉంటుంది."

అక్క లేచి కూర్చుంది.

"దాని ఫీజు దాని నాయన కడతాడు. ఎందుకు కట్టడో నేను మాట్లాడతా. దుకాణం లెక్కలు రాసేది నేను, ఎంతుందో నాకు తెలియదా? అది మా ఇంటి సంగతి. నాకివ్వాల్సింది దానికిచ్చి చెల్లయిపోయింది అనుకోబాక."

తమ్ముడికి ఏం చెప్పాలో తోచలేదు. అక్క కిందికి వెళ్లి వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. దూరవిద్యలో బీకాం. దరఖాస్తు ఎప్పుడో తెచ్చిపెట్టుకుంది. మడతల దగ్గర కాగితం చిరుగుపట్టింది.

"నాకివ్వాలనుంటే ఇది కట్టు. మూడేళ్లూ నువ్వే కట్టాలి."

తమ్ముడు సెల్‌ఫోన్ వెలుగులో అంకె చూశాడు. లక్షలకు సిద్ధపడి వచ్చినవాడు. అక్కడున్నది కొన్ని వేలు.

"ఇంతేనా అక్కా?"

"అంతే. ఎక్కువిస్తే తీసుకోను. అడిగి తీసుకుంటున్నా కాబట్టి మొహమాటం కూడా లేదు" అని పడుకుంది.

* * *

మేనకోడలు చెన్నైలో చేరింది. అక్క బావతో ఏం మాట్లాడిందో, ఏ లెక్కల పుస్తకం ముందు పెట్టిందో ఆ ఇంటి గోడలకే తెలియాలి. ఆదివారాలు మామయ్య ఇంటికి వస్తుంది. మామయ్య పిల్లలతో కలిసి కాంట్రా ఆడుతుంది. 'ఎస్' దగ్గర ఇప్పటికీ యుద్ధాలే. ఆ ఇంట్లో మాత్రం ఒక నియమం పెట్టారు. లైఫ్ కావాలంటే నోటితో అడగాలి. ఇచ్చేవాళ్లు సరేనన్నాకే 'ఎ' నొక్కాలి. పిల్లలకు ఇది కాస్త విచిత్రంగానే ఉంది. ఎందుకలా అని అడిగితే, ఆట మధ్యలో తల తిప్పి వాళ్ల మొహాలు చూసి మరీ చెబుతాడు అతను... "అడగాలి, అంతే" అని.

అక్క 2025లో మొదటి ఏడాది పరీక్షలు రాసింది. చిన్నపిల్లల పక్కన కూర్చుని రాయడానికి మొదటిరోజు సిగ్గేసిందట. రెండోరోజుకి ఆ పిల్లలే వచ్చి అకౌంట్స్ డౌట్లు అడిగారట. ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం ఫోన్ చేసింది.

"అకౌంట్స్‌లో మంచి మార్కులొచ్చినాయి. ఇంగ్లీషు పోయింది."

తమ్ముడు ఓదార్చబోయాడు. అవతల నుంచి నవ్వు వినిపించింది.

"ఏం కాదులేరా. ఇంకా లైఫులున్నాయి. సప్లిమెంటరీ ఫీజు ఒకటి కట్టాలి... పంపిస్తావా?"